గేటు ముందా, డ్రెయిన్ ముందా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, సంస్థ బయట పెట్టవద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆయన వయసు 47. సెల్ టవర్ల మీద ఉండే రేడియో పెట్టెల్లో పవర్ యాంప్లిఫయర్లు డిజైన్ చేయడం 21 ఏళ్లుగా ఆయన పని. యాంటెన్నాకు వెళ్లేముందు సంకేతానికి చివరిసారి బలమిచ్చే భాగం అది. ఇన్నేళ్లూ ఆయన చేయి తిరిగింది ఎల్‌డీమాస్ అనే సిలికాన్ ట్రాన్సిస్టర్ మీద. రెండేళ్ల కిందట సంస్థ గాలియం నైట్రైడ్ అనే కొత్త పదార్థంతో చేసిన ట్రాన్సిస్టర్లకు మళ్లింది. ఆ ప్రాజెక్టు బాధ్యత అప్పగించింది ఒకప్పుడు ఆయన దగ్గర ట్రైనీగా చేరిన అమ్మాయికి. నెట్‌వర్క్ అనలైజర్ అనే కొలత యంత్రాన్ని క్యాలిబ్రేట్ చేయడం ఆమెకు నేర్పింది ఈయనే. ఆమె ఇప్పటికీ ఈయనను "సార్" అనే పిలుస్తుంది. "మీటింగులో నలుగురి ముందూ ఆ పిలుపు వింటే ఎగతాళిలా ఉంటోంది" అని రాశారు.

గత నెల ఒక సాయంత్రం కొత్త బోర్డును బల్ల మీద పెట్టుకుని ఆయన ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారే కొస అయిన డ్రెయిన్‌కు 48 వోల్టులు ఇచ్చారు. ఆ కరెంటును అదుపు చేసే గేటు నాబ్ మీద చెయ్యి వేసేలోపే సప్లై మీద కరెంటు అంకె ఎగిరింది. టిక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటనే కమురు వాసన. మర్నాడు రెండో ట్రాన్సిస్టర్ అతికించి ఈసారి జాగ్రత్తగానే నడిపారు. కొలతలన్నీ బాగా వచ్చాయి. అన్నీ కట్టేసి ఇంటికి బయలుదేరే హడావిడిలో గేటు సప్లైని ముందు ఆపారు. అదీ పోయింది. రిపోర్టులో "భాగంలో తయారీ లోపం ఉండవచ్చు" అని రాసి సంతకం చేశారు.

సరఫరాదారు రెండింటినీ పంపమన్నాడు, తెరిచి చూస్తామన్నాడు. ఈలోగా పై మేనేజర్, బోర్డుకు తీగలు కలిపిన టెక్నీషియన్‌ను సంజాయిషీ అడిగాడు. డిప్లొమా చదివి చేరిన కుర్రాడు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. "ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, 'సార్, నేను ఎక్కడ తప్పు చేశానో చెబితే అదే రాసిస్తాను' అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు" అని రాశారు.

ఉత్తరం చివర ఆయన అడిగినవి ఇవి. నాకు కాలం చెల్లిందా? ఈ వయసులో కొత్తది పట్టుబడుతుందా? గుంటూరు వెళ్లి ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీలో చేరదామని భార్య అంటోంది, వెళ్లమంటారా? మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఈసీఈ తీసుకుంటానంటున్నాడు, వద్దనాలా?

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటిలో ఒక్కటీ ఆ టెక్నీషియన్ గురించి లేదు. అన్నం సహించనిది మాత్రం అతని వల్లే. కాబట్టి నేను అక్కడే మొదలుపెడతాను. అతను సంజాయిషీ ఇవ్వాల్సిన గడువు, ఈ సమాధానం అచ్చయ్యే నాటికి దాటిపోతుంది. అందుకే ఈ భాగం వరకు మీకు ముందే విడిగా పంపించాను.

సరఫరాదారు ఆ రెండింటి మూత తెరిచి మైక్రోస్కోప్ కింద పెడతాడు. చిప్పు మీద వేళ్లలా పరిచిన లోహపు గీతలు కరిగి ఒకదానిలోకి ఒకటి పారిన చోటు కనిపిస్తుంది. తయారీ లోపం వల్ల పోయినదానికీ మోతాదు మించిన కరెంటు వల్ల పోయినదానికీ తేడా వాళ్లకు తెలుసు. వరుసగా రెండు రోజుల్లో రెండు పోతే మరీ తెలుస్తుంది. "మితిమీరిన విద్యుత్తు వల్ల కాలింది" అని ఒక్క వాక్యం రాసి పంపుతారు. ఎవరి చేతుల్లో కాలిందో వాళ్లు రాయరు, అది వాళ్ల పని కాదు. ఆ కాగితం వచ్చిన రోజు మీ ఆఫీసులో అందరూ అడిగేది ఒక్కటే. తీగలు కలిపింది ఎవరు? దానికి సమాధానం ఇప్పటికే ఫైల్లో ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏమీ మాట్లాడకపోవడం ఒకటి. అతను అమాయకంగా ఏదో రాసిస్తాడు, ప్రొబేషన్ పొడిగిస్తారో, ఇంటికి పంపిస్తారో. మీరు ఆ ల్యాబ్‌లో ఇంకో పదేళ్లు ఉన్నా, ఆ బల్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ ముఖం గుర్తొస్తుంది. రెండోది, అతనికి చాటుగా సాయం చేయడం. "తీగలు సరిగానే కలిపాను" అని సంజాయిషీ మీరే రాసిపెట్టవచ్చు. చాలామంది చేసేది ఇదే, దయలాగా కనిపిస్తుంది కూడా. కానీ ఆ సంజాయిషీకీ మీ రిపోర్టుకూ పొత్తు కుదరదు. అడిగేవాళ్లు రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, అబద్ధం ఎవరిదో వాళ్లే వెతుక్కుంటారు. మూడోది, రిపోర్టును మీరే సవరించి, "ఆన్ చేసే క్రమంలోను, ఆఫ్ చేసే క్రమంలోను పొరపాటు నాది" అని రెండు వాక్యాలు చేర్చి పంపడం. దీనిలో నష్టం లేదని నేను అనను. మందలింపు ఉంటుంది. ఈ ఏడాది ఇంక్రిమెంటు మీద దెబ్బ పడవచ్చు. రెండు భాగాలు కాల్చినందుకు మీలాంటి సీనియర్ ఉద్యోగం పోదు. ల్యాబ్‌లో భాగాలు కాలుతూనే ఉంటాయి. అసలు చిక్కు తప్పుడు రిపోర్టుతోనే. దాన్ని మీరే దిద్దితే ఒక లెక్క, ఎవరో బయట పెడితే ఇంకో లెక్క. మూడో దారికి గడువు ఉంది, మొదటి రెండింటికి లేదు. నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇక ఆ పొరపాటు సంగతి. దాన్ని మీరు "నా అజ్ఞానం" అని రాశారు. నేను ఒప్పుకోను. మీ చేతులకు తెలియనిదేమీ లేదు, తెలిసినది మరీ ఎక్కువైంది.

పొలం తూము ఊహించుకోండి. ఎల్‌డీమాస్ మూసి ఉండే తూము. కాలువలో ఎంత నీరున్నా, మీరు పలక ఎత్తితేనే పొలంలోకి వస్తుంది. అందుకే 21 ఏళ్లుగా మీరు డ్రెయిన్‌కు 28 వోల్టులు నిశ్చింతగా ఇచ్చి, ఆ తర్వాత గేటు నాబ్‌ను మెల్లగా తిప్పుతూ, కరెంటు కావలసినంత రాగానే ఆపారు. వేలసార్లు చేసి ఉంటారు. గాలియం నైట్రైడ్ తూము పుట్టుకతోనే తెరిచి ఉంటుంది. అల్యూమినియం గాలియం నైట్రైడ్ పొరను దాని మీద పేర్చగానే, రెండు పొరలూ కలిసే చోట ఎలక్ట్రాన్లు వాటంతట అవే పల్చని తెరలా చేరతాయి. గేటుకు సున్నా వోల్టులు ఉన్నా కరెంటు పారుతూనే ఉంటుంది. ముందు గేటుకు మైనస్ వోల్టులు ఇచ్చి పలక దించాలి, ఆ తర్వాతే డ్రెయిన్. ఆపేటప్పుడు దీనికి తలకిందులు. ముందు సంకేతం, తర్వాత డ్రెయిన్, చిట్టచివరకు గేటు. మీరు మొదటిరోజు పలక దించకుండా కాలువ వదిలారు, రెండోరోజు కాలువ పారుతుండగా పలక తీసేశారు. రెండు తప్పులూ పాత క్రమశిక్షణ లోంచి వచ్చినవే. కొత్తగా చేరిన పిల్లవాడైతే కాగితం చూసి ఒక్కొక్క అడుగూ వేస్తాడు కాబట్టి బహుశా ఇలా కాల్చేవాడు కాదు.

ఒక పాత సంగతి చెప్పాలి. నేనూ ట్రాన్స్‌మిటర్ల మధ్యే జీవితం గడిపినవాణ్నే. బైపోలార్ ట్రాన్సిస్టర్లు పోయి ఎల్‌డీమాస్ వచ్చిన 1990లలో మా ల్యాబ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. బైపోలార్ మీద ఆయన మాటే వేదం. ఎల్‌డీమాస్ గేటు పొర చాలా పల్చన, ఒంట్లోని స్థిర విద్యుత్తు తగిలినా చిల్లు పడుతుంది, మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోండని చెబితే ఆయన నవ్వేవారు. "తాయెత్తులు మీరు కట్టుకోండి" అనేవారు. ఒకే వారంలో అయిదు కాల్చారు. ఆరోదానికి పట్టీ కట్టుకున్నారు, ఎవరితోనూ ఏమీ అనలేదు. అంటే మీరు ఇప్పుడు మనసులో కొలుచుకుంటున్న ఆ "పాత విద్య" కూడా ఒకప్పుడు ఎవరినో ఇలాగే ఏడిపించిన కొత్త విద్యే.

"కాలం చెల్లిందా" అన్నారు. ఏది చెల్లిందో, ఏది చెల్లలేదో విడదీసి చూడండి.

చెల్లినది కొంత ఉంది. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. అందులో ఎక్కువ పని చేసేది 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ మధ్య. 2 గిగాహెర్ట్జ్ వరకు రాజులా నడిచిన ఎల్‌డీమాస్‌కు అక్కడికి వచ్చేసరికి ఆయాసం వస్తుంది. దాని లోపలి కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిలవ పట్టే గుణం, ఎక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ, బ్యాండు వెడల్పయ్యేకొద్దీ చుట్టూ ఉన్న సర్క్యూట్‌తో దానికి పొత్తు కుదర్చడం (మ్యాచింగ్) కష్టమవుతుంది, శక్తి వేడిగా మారిపోతుంది. ఒకే పెట్టెలో 32 లేదా 64 ట్రాన్స్‌మిటర్లు పెట్టే రోజుల్లో ఆ వేడిని భరించడం కుదరదు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం 1.1 ఎలక్ట్రాన్ వోల్టులైతే గాలియం నైట్రైడ్‌లో 3.4. అందుకే అది ఎక్కువ వోల్టేజిని తట్టుకుంటుంది, చిన్న చిప్పులోంచే ఎక్కువ శక్తినిస్తుంది. దీన్ని సాధారణంగా సిలికాన్ కార్బైడ్ మీద పెంచుతారు. సిలికాన్ కంటే రెండింతలకు పైగా వేగంగా అది వేడిని లాగేస్తుంది. ఇంట్లో వెలిగే తెల్ల ఎల్‌ఈడీ బల్బులోనూ ఈ పదార్థపు కుటుంబమే ఉంది. 2014 భౌతికశాస్త్ర నోబెల్ దానితో నీలి కాంతి పుట్టించిన ముగ్గురికి ఇచ్చారు. పదార్థం మంచిదే, అది రావడం న్యాయమే. దాని మీద కోపం పెట్టుకోవద్దు.

చెల్లనిది ఇంకా ఎక్కువ. మీ కొత్త బోర్డు మీద ఉన్నది డోహర్టీ నిర్మాణమని మీరే రాశారు. ఒక యాంప్లిఫయర్ ఎప్పుడూ పనిచేస్తూ, సంకేతం ఎగిసినప్పుడు మాత్రమే రెండోది భుజం పట్టే ఏర్పాటు. విలియం డోహర్టీ దాన్ని 1936లో వాక్యూమ్ ట్యూబుల రేడియో ట్రాన్స్‌మిటర్ల కోసం చెప్పాడు. ట్యూబు పోయింది, బైపోలార్ పోయింది, ఎల్‌డీమాస్ పోతోంది, ఆ ఆలోచన అలాగే ఉంది. నేటి సంకేతాల శిఖరాలు సగటు కంటే అయిదారు రెట్లు పైకి లేస్తాయి కాబట్టి దాని అవసరం ఇంకా పెరిగింది. రెండు దారుల ఫేజ్ కలపడం, లోడ్‌ను మార్చి మార్చి ఎంత శక్తి వస్తుందో కొలిచే లోడ్ పుల్, బోర్డు ఎక్కడ తనంతట తాను డోలనం మొదలుపెడుతుందో ముందే పసిగట్టడం, చల్లబరిచే పలకకు వేడిని దాటించే పూత ఎంత పల్చగా రాయాలో వేలికి తెలియడం, ఇవన్నీ మీ దగ్గర ఉన్నాయి. కొత్త పదార్థం ఇవేమీ ఉచితంగా ఇవ్వదు.

పైగా ఈ పదార్థానికి ఒక చెడ్డ గుణం ఉంది, అది మీలాంటి ఓపిక ఉన్నవారి కోసమే పుట్టినట్టు ఉంటుంది. దాని స్ఫటికంలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. బలమైన సంకేతం వెళ్లినప్పుడు ఎలక్ట్రాన్లు వాటిలో చిక్కుకుని, సంకేతం తగ్గాక కూడా వెంటనే బయటికి రావు. కాసేపు గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే బలం, కుంటుతుంది, మళ్లీ కోలుకుంటుంది. 5జీలో ట్రాన్స్‌మిటర్ క్షణక్షణానికీ ఆగి మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఈ కుంటుపాటు, సంకేతంలో యాంప్లిఫయర్ తెచ్చే వక్రతను సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌ను తికమక పెడుతుంది. దాన్ని మైక్రోసెకండ్ల నుంచి సెకండ్ల దాకా కొలిచి, పట్టిక వేసి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి తెలివి కంటే నిలకడ కావాలి. "ఒకే కొలత మూడు రోజులు తీయడం నాకు విసుగనిపించదు" అని రెండో పేజీలో ఏదో సందర్భంలో రాశారు. ఆ వాక్యాన్ని మీ అధిపతికి చెప్పండి.

ఆమె గురించి రెండు మాటలు. "సార్" అన్నది ఎగతాళి అని మీకు ఎవరు చెప్పారు? ఉత్తరంలో దానికి ఒక్క ఆధారం కూడా దొరకలేదు నాకు. ఆమె గొంతులో తేడా ఏమీ రాయలేదు మీరు, వినే చెవిలో తేడా గురించే రాశారు. పాత అలవాటు మార్చుకోలేకపోతున్నది ఆమె కూడా కావచ్చు. మీ చేతులు డ్రెయిన్ ముందు ఇచ్చినట్టే, ఆమె నాలుక "సార్" ముందు అంటోంది. అవును, పైవాడు మనకంటే చిన్నవాడైతే గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని ఎవరైనా చెబితే నమ్మను. కానీ సవరించిన రిపోర్టు మేనేజర్‌కు చేరకముందే ఆమెకు నోటితో చెప్పండి. ఆమె మొదట వినాల్సింది మీ నుంచి. ఆమె ఎలా స్పందిస్తుందో నేను హామీ ఇవ్వలేను. "ముందే ఎందుకు చెప్పలేదు" అని కోప్పడవచ్చు, ఆ కోపం న్యాయమే.

చెప్పేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటే మంచిది. డ్రెయిన్ దారిలో ఒక స్విచ్ ట్రాన్సిస్టర్ పెట్టి, గేటు దగ్గర మైనస్ వోల్టేజి ఉంటే తప్ప అది తెరుచుకోని చిన్న సర్క్యూట్ గీసి తీసుకెళ్లండి. మైనస్ పోయిన మరుక్షణం డ్రెయిన్ దానంతట అదే తెగిపోవాలి. మీకిది ఒక పూట పని. ఇలాంటివి కొత్తేమీ కాదు, చాలా ల్యాబుల్లో ఉన్నాయి, మీ బల్ల మీద లేకపోవడమే వింత. అలాగే బెంచి సప్లైలో కరెంటు పరిమితి పెట్టుకోకుండా 48 వోల్టులు ఇచ్చారని మీ మాటల్లోనే తెలుస్తోంది. దానికి మాత్రం నా దగ్గర సానుభూతి లేదు, ఎల్‌డీమాస్‌కైనా అది చేయకూడని పనే.

ఇక గుంటూరు. మీ భార్య ఆ మాట కాలేజీ మీద మోజుతో అని ఉండరు, మీరు రాత్రిళ్లు నిద్రపోకపోవడం చూసి అని ఉంటారు. ఆమెకు కాలిన ట్రాన్సిస్టర్ల సంగతి చెప్పారా? ఉత్తరంలో అలా అనిపించలేదు. సగం సంగతి తెలిసిన మనిషి ఇచ్చిన సలహాను పూర్తి సంగతికి వాడుకోకండి. బోధన మంచి పనే. మీ అనుభవం ఉన్నవారు క్లాసులో నిలబడితే పిల్లల అదృష్టం. అయితే జీతం బాగా తగ్గుతుంది, పీహెచ్‌డీ లేకుండా పై హోదాలకు వెళ్లడం కష్టం, మైక్రోవేవ్ ల్యాబ్‌లో ఇప్పటికీ పాతకాలపు క్లైస్ట్రాన్ ట్యూబు బెంచీయే ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఇవి తెలిసి, ఇష్టపడి వెళితే బాగుంటారు. తప్పించుకోవడానికి వెళితే ఆ టెక్నీషియన్ కుర్రాడి ఈడు పిల్లలే రోజూ అరవైమంది ఎదురుగా కూర్చుంటారు.

ఇంకో రెండు దారులు మీరు అడగలేదు కానీ ఉన్నాయి. ఎల్‌డీమాస్ చచ్చిపోలేదు. ఎఫ్ఎం, టీవీ ప్రసారాలు, ఎంఆర్ఐ యంత్రాలు, కణ త్వరణ యంత్రాలు, పరిశ్రమల్లో వేడి పుట్టించే రేడియో పరికరాలు, వీటి తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అది చౌక, గట్టిది. అక్కడ మీ విద్య ఉన్నదున్నట్టు చెల్లుతుంది, కాకపోతే ఉద్యోగాలు తక్కువ, ఊరు మారాల్సి రావచ్చు. మరొకటి, గాలియం నైట్రైడ్‌లోనే రక్షణ రంగం. ఢిల్లీలోని డీఆర్‌డీవో సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లేబొరేటరీ సొంతంగా సిలికాన్ కార్బైడ్ మీద 150 వాట్ల వరకు ఇచ్చే ఈ ట్రాన్సిస్టర్లు చేయగలిగిందని 2024లో ప్రకటించారు. పరిమిత సంఖ్యలో ఉత్పత్తి మన హైదరాబాద్‌లోని గేటెక్ అనే చిప్పుల తయారీ కేంద్రంలోనే. ప్రభుత్వ ల్యాబ్‌లో నేరుగా చేరడం ఈ వయసులో కష్టం. కానీ రాడార్ బోర్డులు చేసే ప్రైవేటు సంస్థలు ఈ నగరంలో ఉన్నాయి, వాటికి బోర్డు మీద చెయ్యి తిరిగినవారు కావాలి. అక్కడికి వెళ్లాలన్నా ఇప్పుడున్న చోట ఏడాదిపాటు ఈ పదార్థంతో పని చేసి ఉండటం మీకే లాభం.

అలాగని కొత్తదాన్ని పట్టుకుంటే రిటైర్ అయ్యేదాకా ధోకా లేదని కూడా అనుకోవద్దు. ఈ రంగంలో బాగా పేరున్న వుల్ఫ్‌స్పీడ్ సంస్థ 2023 చివర్లో తన రేడియో విభాగాన్ని మాకామ్ అనే మరో చిప్పుల సంస్థకు అమ్మేసింది. అదే ఏడాది ఆగస్టు నుంచి చైనా గాలియం ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది, ప్రపంచపు గాలియంలో సింహభాగం అక్కడిదే. మీ 58వ ఏట మీ బల్ల మీద ఏముంటుందో ఎవరూ చెప్పలేరు.

చివరగా మీ అబ్బాయి. ఈసీఈ వద్దనడానికి మీ ఉత్తరంలో కనిపించిన కారణం ఒక్కటే, మీ రెండు చేదు సాయంత్రాలు. దాన్ని అతని ర్యాంకుతో ముడిపెట్టకండి. ఆ రంగం గురించి అతనికి ఏం తెలుసో, ఎందుకు కావాలంటున్నాడో ముందు అడగండి. స్నేహితులు చేరుతున్నారని అంటే ఒక మాట, ఇంట్లో పాత రేడియో విప్పి కూర్చుంటాడంటే ఇంకో మాట. సరఫరాదారు ఆ భాగాలను తిరిగి పంపిస్తే ఒక ఆదివారం, అనుమతి తీసుకుని అతన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లండి. మైక్రోస్కోప్ కింద ఆ కరిగిన వేళ్లను చూపించండి. ఎలా కాలిందని అతను తప్పకుండా అడుగుతాడు.